వియ్యంకుడి నీలిగుడ్డ

బిష్కెక్ శివార్లలో నాలుగు మిషన్లున్న కుట్టు షెడ్డు తుర్సునాయ్‌ది. బడిపిల్లల గౌన్లకని నీలిగుడ్డ తానులు గుడ్డల వ్యాపారం చేసే వియ్యంకుడు ఎసెన్‌బెక్ స్వయంగా తెచ్చి దింపాడు. ఆయన ముందే గుడ్డ విప్పి చూస్తే మనిషిని నమ్మలేదన్నట్టే కదా. అందుకని చాయ్ పోసి, రొట్టె విరిచి పెట్టింది. ఇద్దరూ అరచేతులతో ముఖం తుడుచుకుని 'ఓమిన్' అని దువా ముగించారు. వియ్యపు మర్యాదకు గుడ్డ తడిపి చూసే అలవాటు లేదు మరి.

ఆయన వెళ్లాక గుడ్డ కొస తడిపి తెల్ల కాలరుతో రుద్దితే కాలరు కాస్తా నీలమైపోయింది.

లాయరు కాలీచా ఆ కాలరును తిరగేసి చూసింది. "చట్టం నీ వైపే ఉందక్కా. మంచి గుడ్డ మార్చి ఇమ్మనొచ్చు, ధర తగ్గించమనొచ్చు, లేదా మొత్తం తిప్పిపంపి డబ్బు వాపసు అడగొచ్చు. వెంటనే నోటీసు పంపుదాం. ఒక్కటి గుర్తుపెట్టుకో, లోపం తెలిశాక కత్తెర వేశావంటే నచ్చే వాడుకున్నావంటారు. ఆ తర్వాత నేనేం చెయ్యలేను."

"నా కూతురు ఆయనింట్లోనే ఉంది," అంది తుర్సునాయ్.

"దానికి సెక్షన్ లేదక్కా."

వియ్యానికైనా కయ్యానికైనా సమఉజ్జీ ఉండాలంటారు. తుర్సునాయ్‌కి ఆ రెండూ ఒకే మనిషితో వచ్చిపడ్డాయి. నోటీసు పంపితే కూతురు మీరిమ్ ఆ ఇంట్లో తలెత్తుకోలేదు. పంపకపోతే రంగు దిగే గౌన్లు ఎవరూ కొనరు, షెడ్డు మూతపడుతుంది. మింగలేక కక్కలేక, "గుడ్డ రంగు పోతోందన్నయ్యగారూ," అని ఫోన్లో నెమ్మదిగా చెప్పింది.

మర్నాడే ఆయన నిండు గర్భిణి మీరిమ్‌ని వెంటబెట్టుకుని వచ్చాడు.

"ఉప్పునీళ్లలో ముంచి తీస్తే సరి, చెల్లెమ్మా. అయినవాళ్ల మధ్య లాయర్లెందుకు?" అని నవ్వి, బల్ల మీది కత్తెర కోడలి చేతికిచ్చాడు. "మా కోడలిది మంచి చెయ్యి. మొదటి కత్తెర తనే వేస్తుంది."

ఈ పెద్దమనిషికి కాలీచాకు తెలిసినంత చట్టమూ తెలుసు.

"వెయ్యనా అమ్మా?" అంది మీరిమ్.

వద్దంటే చాలు, గుడ్డ తిరిగి పోతుంది. కానీ సాయంత్రం మీరిమ్ కూడా ఆయన కారులోనే తిరిగి పోవాలి. తుర్సునాయ్ తానులోంచి గుడ్డ లాగి బల్ల మీద పరిచింది.

"నిదానంగా తల్లీ," అంటూ, కత్తెర వంకర పోకుండా అవతలి అంచు గట్టిగా పట్టుకుంది.