మెత్తటి జాకెట్లు

తడిసిన పరుపును ఒక్క మనిషి ఎత్తలేడన్న సంగతి నాగూర్‌బీకి బుద్ధెరిగిన నాటినుంచీ తెలుసు. తెలిసి తెలిసి ఆ జాకెట్ల పని ఎలా చేసిందో తర్వాత ఆవిడకే అర్థం కాలేదు.

దూదేకుల ఇంట పుట్టి దూదేకుల ఇంటికే కోడలైంది. మొగుడు మాబు సాహెబ్ విల్లు మోగిస్తూ దూది ఏకుతుంటే, పక్కన కూర్చుని దబ్బనంతో పరుపులు కుట్టేది. మార్టూరు నుంచి తాడేపల్లి వచ్చి ఇరవై రెండేళ్ళయింది. పిల్లలు కలగలేదు. బజార్లోకి ఫోం పరుపులు దిగాక పని సగం పోయింది. మూడేళ్ళ కిందట మాబు సాహెబ్ పోయాక మిగతా సగమూ పోయింది. ఇప్పుడు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆవిడ నోట నాలుగు మాటలు వస్తే గొప్ప. పాలవాడితో ఒకటి, దుకాణంలో ఒకటి. ఒక్కోరోజు గొంతు ఉందో లేదో చూసుకోవడానికి పక్కింటి కోడిని అదిలించేది.

రెండువేల అయిదు వేసవిలో ఒక పొద్దున త్రినాథ్ ఆటో దిగి, ఏడు నారింజరంగు జాకెట్లు ఆవిడ అరుగుమీద కుప్పపోశాడు. కృష్ణ రేవులో వాటర్ స్కూటర్లు పెట్టింది అతనే. నీళ్ళమీద మోటారు సైకిళ్ళలా దూసుకుపోయే ఆ బళ్ళ మోత ఆవిడ ఇంట్లోకి వినపడుతూనే ఉంటుంది.

"ఏంటి బాబూ ఇవి? చేతుల్లేని చొక్కాలా?"

"లైఫ్ జాకెట్లు పిన్నీ. నీళ్ళలో పడితే మనిషిని తేలుస్తాయి. గొడౌన్లో ఎలుకలు కొరికి లోపలిదంతా పొడి చేసేశాయి. నాలుగు బళ్ళు, బండికి ముగ్గురు. మనిషికొకటి చొప్పున పన్నెండు ఉండాలని పర్మిషన్ కాగితంలో ఉంది. శుక్రవారం ఆఫీసరు వచ్చి లెక్కపెడతాడు. బాగున్నవి అయిదే."

"లోపల ఏం పెట్టమంటావు?"

"నువ్వు పెట్టేదే పెట్టు. దూది తేలదా ఏంటి?"

"గాలికే తేలేది నీళ్ళకి తేలదా బాబూ!" అని నవ్వింది నాగూర్‌బీ. నవ్వాక తన నవ్వు తనకే కొత్తగా వినపడింది.

మూడు రోజులు కూర్చుని కుట్టింది. అటకమీద మాబు సాహెబ్ ఏకి దాచిన దూది మూట ఉంటే అదే తీసింది. ఎక్కడా ముద్ద కట్టకుండా పరిచి, పరుపుకి వేసినట్టే టాకాలు వేసింది. కుట్టినవి కుట్టినట్టు దండెం మీద తగిలిస్తే, ఇంటికి ఏడుగురు చుట్టాలు వచ్చి నిలబడినట్టుంది. వాటి మధ్యనుంచి తప్పుకుంటూ వంటింట్లోకి వెళ్ళడం ఆవిడకి హాయిగా అనిపించింది.

శుక్రవారం ఆఫీసరు జాకెట్లు లెక్కపెట్టి, ఒకదాన్ని బొటనవేలితో నొక్కి, "భలే మెత్తగా ఉన్నాయే" అని సంతకం చేసి వెళ్ళిపోయాడట. ఆ మాట చెప్పడానికే వచ్చిన త్రినాథ్ ఇంకో మాటా అన్నాడు.

"పిన్నీ, శనాదివారాలు రేవుకి రాకూడదూ? మా డ్రైవర్లతో జాకెట్లు కట్టించుకోవడానికి ఆడవాళ్ళు సిగ్గుపడుతున్నారు. నీకో స్టూలు వేయిస్తా."

ఆ స్టూలు ఆవిడ బతుకులో పెద్ద పండగైంది. ప్రత్తిపాడు వైపునుంచి మిరపకోతలు ముగించుకుని వచ్చిన ఆడవాళ్ళు, గుంటూరు నుంచి వచ్చే కొత్త జంటలు, అందరూ ఆవిడ ముందు చేతులెత్తి నిలబడేవాళ్ళు. పట్టీలు బిగిస్తూ, "ఏ ఊరు తల్లీ? ఎంతమంది పిల్లలు?" అని అడిగేది. చెప్పేవాళ్ళు. మూడేళ్ళుగా ఎవరినీ తాకని చేతులు అవి.

రేవులో పెద్ద డ్రైవరు కరుణాకర్. ఆదివారం ఉదయం చర్చికి వెళ్ళి, తెల్లచొక్కా మార్చుకుని డ్యూటీకి వస్తాడు. మహా నిక్కచ్చి మనిషి. బండి తాళానికి ఉండే ఎర్రతాడు మణికట్టుకి తగిలించుకోనిదే ఇంజను వేయడు.

"ఆ తాడెందుకయ్యా, గేదెకి కట్టినట్టు?" అని అడిగిందొకసారి.

"నేను పడితే తాడు ఊడొస్తుంది, బండి ఆగిపోతుంది అక్కా. లేకపోతే దాని దారిన అది పోయి ఎవర్నో గుద్దేస్తుంది." రేవులో పెట్టిన రూల్స్ బోర్డు వైపు చూపించాడు. "స్నానాల రేవు వైపు పోకూడదు, వలల మీదికి పోకూడదు, తాగినవాణ్ణి ఎక్కించుకోకూడదు, పొద్దుగూకితే తీయకూడదు. నీళ్ళ దగ్గర మొహమాటం పనికిరాదు."

వచ్చినవాళ్ళు ఆ బోర్డు చదివేవాళ్ళు కాదు. కొక్కేలకున్న జాకెట్లు నొక్కి చూసి, "ఆ గట్టిది గుచ్చుకుంటుందమ్మా, మెత్తది ఇవ్వు" అనేవాళ్ళు. అలా అడిగినప్పుడల్లా నాగూర్‌బీకి కడుపు నిండేది. మాబు సాహెబ్ ఏకిన దూదిని ఊరంతా గుండెలకి కట్టుకుంటున్నట్టుండేది.

మూడో శనివారం సాయంత్రం, మిర్చి యార్డులో గుమాస్తా బాలు అనే అతను, ఒడ్డునున్న స్నేహితులకి చెయ్యి ఊపుదామని నడుస్తున్న బండిమీద లేచి నిలబడి నీళ్ళలో పడ్డాడు. కరుణాకర్ వెంటనే బండి తిప్పి రెండు నిమిషాల్లో పైకి లాగాడు. స్నేహితులు ఈలలు వేశారు. "ఏరా, కృష్ణలో మునిగి పాపాలు కడుక్కున్నావా?" అని ఒకడు అరిచాడు.

"ఎక్కడ కడుక్కోనిచ్చాడ్రా!" అని బాలు పకపకా నవ్వుతూ వచ్చి నాగూర్‌బీ ముందు నిలబడ్డాడు.

జాకెట్ విప్పి అందుకోగానే దాని బరువు ఆవిడ చేతిని కిందికి లాగేసింది.

ఆ బరువు ఆవిడకి తెలుసు. ఊళ్ళోవాళ్ళ పిల్లలు పక్క తడిపిన పరుపు బరువది. వానలో తడిసిన పరుపును తనూ మాబు సాహెబ్ చెరోవైపు పట్టుకుని ఎండలోకి మోసిన బరువది. జాకెట్టు నుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి.

పొద్దుగూకింది. బళ్ళు కట్టేశారు. జనం వెళ్ళిపోయారు. నాగూర్‌బీ కొక్కేనికున్న పొడి జాకెట్ ఒకటి తీసి, పట్టీ చేత్తో పట్టుకుని చివరిమెట్టు దగ్గర నీళ్ళమీద పెట్టింది. బాతులా తేలింది. 'ఊరికే భయపడ్డాను' అనుకుని ఆకూ వక్కా నోట్లో వేసుకుంది. వక్క నలిగేసరికి జాకెట్ ఒక భుజం వంగింది. బుడగలు వచ్చాయి. రెండో భుజమూ వంగింది. ఇంకాసేపటికి నీళ్ళ కింద మసకగా కిందికి జారిపోతుంటే, పట్టీ పట్టుకుని బలమంతా పెట్టి పైకి లాక్కుంది.

మెట్టుమీదే కూలబడింది. ఉత్త జాకెట్టే ఇంత త్వరగా మునిగితే, మనిషి బరువుతో ఇంకెంతసేపు? ఒక్కడు పడితే కరుణాకర్ తీస్తాడు. ఇద్దరు పడితే? ఇద్దరిలో చిన్నపిల్ల ఉంటే? చెప్పకపోతే ఈ స్టూలు ఉంటుంది. చెబితే మళ్ళీ పాలవాడితో ఒక మాట, దుకాణంలో ఒక మాట.

ఆదివారం పదిగంటలకి త్రినాథ్ రాగానే ఎదురెళ్ళింది.

"బాబూ, నేను కుట్టినవి మునుగుతాయి. నిన్న సాయంత్రం చూశాను. తీసేయించు."

"మెల్లగా పిన్నీ, జనం వింటారు!" అతను చుట్టూ చూశాడు. "పడినవాణ్ణి రెండు నిమిషాల్లో తీస్తున్నాం కదా. ఇవాళ కానియ్యి, రేపు చూద్దాం. కాగితంలో పన్నెండు జాకెట్లన్నారు, పన్నెండూ ఉన్నాయి. తేలాలని రాశారా?"

"పరుపు మెత్తగా ఉండాలని నాకూ ఎవరూ కాగితం రాసివ్వలేదు బాబూ."

"ముందు స్టూలుమీద కూర్చో. క్యూ చూడు ఎంతుందో."

కూర్చుంది. మొదట వచ్చింది ఒక తల్లి, పదేళ్ళ కూతురు.

"నీ పేరేంటమ్మా?"

"భవ్య. అమ్మమ్మా, నాకు మెత్తది కావాలి. ఆ కొక్కేనికి ఉన్నది."

పిల్ల చేతులు పైకెత్తింది. నాగూర్‌బీ జాకెట్ తీసి ఒళ్ళో పెట్టుకుని, సంచిలోంచి పరుపుల కత్తెర తీసింది. మెడనుంచి నడుముదాకా ఒక్క కోత కోసింది. దూది ఉబికి బయటికి వచ్చింది. ఇంకోటి లాగింది. కోసింది. రేవుగాలికి దూది లేచి క్యూలో ఉన్నవాళ్ళ జుట్టుమీదా, నీళ్ళమీదా పడింది.

"ఇదేంటయ్యోయ్! టిక్కెట్టు కొంటే పరుపు ఏకి చూపిస్తున్నారు!" అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు.

"పిచ్చెక్కిందా నీకు!" త్రినాథ్ పరిగెత్తుకొచ్చాడు. అప్పటికి అయిదు జాకెట్లు కోసేసింది. అతను కత్తెర పట్టుకోబోయి, ఆవిడ మొహం చూసి ఆగిపోయాడు. నిన్న తడిసిన రెండూ మెట్టుమీద ఉన్నాయి. కోస్తే వాటిలోంచి దూది ఎగరలేదు, పిండిముద్దలా జారిపడింది. అది చూశాక నవ్వులు ఆగాయి. భవ్య వాళ్ళమ్మ కూతుర్ని దగ్గరికి లాక్కుంది.

కరుణాకర్ ఆ ముద్దను చేత్తో ఎత్తి చూసి, మణికట్టున ఉన్న ఎర్రతాడు విప్పేశాడు.

"ఉన్న అయిదింటికి ఎన్ని బళ్ళు నడుస్తాయో అన్నే తీస్తాను సార్. మిగతావి కట్టెయ్యండి."

"నువ్వూ మొదలెట్టావా?" అన్నాడు త్రినాథ్. తర్వాత ఆవిడ వైపు చూడకుండానే, "ఇంక నువ్వు రానక్కర్లేదు" అన్నాడు. పిన్నీ అనలేదు.

నేలమీద చిక్కినంత దూది ఏరుకుని సంచిలో కూరుకుని నాగూర్‌బీ ఇంటికి నడిచింది. కరకట్ట ఎక్కేదాకా ఎవరైనా పిలుస్తారేమో అనుకుంటూనే ఉంది.

రెండు వారాలు పోయాక ఒక శనివారం, నీళ్ళు చూసివద్దామని తనకి తానే చెప్పుకుని రేవుకి వెళ్ళింది. కొక్కేలకి కొత్త జాకెట్లు ఉన్నాయి, గట్టివి. లెక్కపెడితే పన్నెండూ ఉన్నాయి. స్టూలుమీద రెబెకా అనే కొత్తమ్మాయి కూర్చుని ఫోన్లో మాట్లాడుతోంది. క్యూకి కట్టిన తాడుకి ఇవతల నిలబడిన ఒక కొత్త పెళ్ళికూతురికి జాకెట్ నడుం పట్టీ వేలాడుతోంది. నాగూర్‌బీ చేతులు ఊరుకోలేదు. దగ్గరికి వెళ్ళి బిగించింది.

"అబ్బా, గట్టిగా ఉందండీ!"

"గట్టిగానే ఉండాలి తల్లీ. ఏ ఊరు మీది?"

"పొదిలి..." అంటుండగానే మొగుడు పిలిస్తే ఆ పిల్ల వెళ్ళిపోయింది. గొడుగు కింద కూర్చున్న త్రినాథ్ ఇటు చూశాడు. మళ్ళీ టిక్కెట్ల పుస్తకంలోకి తలదించుకున్నాడు.

ఆవిడ ఇంటికి వచ్చేసింది. ఎండలో ఆరబెట్టిన దూది బుట్టలో ఉంది. మళ్ళీ ఏకితే ఒక తలగడకి వస్తుంది. ఏకేవాళ్ళేరి? గుమ్మంలో కూర్చుని రేవు వైపు చెవి పెట్టింది. నాలుగు బళ్ళ గొంతులూ ఆవిడకి తెలుసు. ఒకటి దగ్గుతుంది, ఒకటి కీచుమంటుంది, కరుణాకర్‌ది నిండుగా ఉంటుంది, నాలుగోది సన్నగా ఏడుస్తుంది. పొద్దు వాలుతుండగా ఒక్కొక్కటే వచ్చి ఆగాయి. నాలుగోది ఇంకా రాలేదు. పొయ్యి వెలిగించకుండా కూర్చుంది. చివరికి ఆ సన్న ఏడుపు రేవు దగ్గరికి వచ్చి ఆగిపోయింది.

"వచ్చేసింది," అంది పైకే. పక్కింటి కోడి తలెత్తి చూసింది. నాగూర్‌బీ లేచి లోపలికి వెళ్ళి అన్నానికి ఎసరు పెట్టింది.