ఒక్క కోడెకు పోసిన నీళ్లు

కువైట్‌లోని రుమైథియాలో కఫీల్ ఇంటి వంటగదిలో రాధ బియ్యం కడుగుతుండగా ఫోన్ మోగింది. మధ్యాహ్నం పూట మొగుడు ఎన్నడూ చేయడు. తడిచేత్తోనే ఎత్తింది.

"ఒక కోడె పడ్డది రాధా," అన్నాడు జలంధర్. "లేస్తలేదు. నాలుక బయటేసింది."

జగిత్యాల నుంచి వచ్చిన వాళ్లిద్దరికీ వీసా ఇచ్చిన యజమాని, కఫీల్, ఒక్కడే; ఇద్దరూ ఆయన్ను బాబా అంటారు. ఆమె ఆయన ఇంట్లో పనిచేస్తుంది. జలంధర్ ఎడారిలో ఆయన మాంసం కోసం పెంచే కోడెల కొట్టం చూసుకుంటాడు.

"బాబాకు చెప్పినవా?"

"చెప్తే కత్తిచ్చి మనిషినంపుతడు."

అది అక్కడి కట్టుబాటు. పడ్డ పశువును ప్రాణంతో ఉండగానే కోయాలి. దానంతటది చస్తే ఆ మాంసం ఎవరూ ముట్టరు, ఇసుకలో పూడ్చడమే. జలంధర్ మాత్రం పడ్డదాన్ని లేపి నిలబెట్టే ఇంట్లో పెరిగాడు.

"మరేం చేసినవ్?"

"ఒంటి మీద నీళ్లు పోసిన. పొద్దటి సంది పోస్తనే ఉన్న."

"ఎన్ని?"



"ట్యాంకు ఒడిసింది. లేస్తదనుకున్ననే. తక్కినయి ఉత్త తొట్లు నాకుతున్నయి. నీళ్ల బండి రేపు గదా."

రాధ బియ్యం గిన్నె పక్కకు పెట్టింది. రోజూ వచ్చే బండిని రోజు విడిచి రోజు చేసింది బాబానే. దాణా ఓడల్లో రావాలి, నీళ్లు బండ్లలో రావాలి, పేడనీరు ఇసుకలోకి దిగుతోందని మునిసిపాలిటీ తాఖీదులు, బయటి దేశాల మాంసమే చవక అని ఆయన ఇంటి యజమానురాలు మామాతో అనడం వడ్డిస్తూ ఎన్నోసార్లు వింది. కొట్టం మూస్తే జలంధర్‌కు ఇక్కడ వేరే పని లేదు.

"బాబాకు నేను చెప్త."

"వద్దే. నన్ను పంపిచ్చేస్తడు."

"అన్నీ సస్తే జైల్ల ఏపిస్తడు."

హాల్లోకి వెళ్లి, వచ్చిన అరబ్బీలో చెప్పింది. బాబా అరవలేదు. అరిచినా బాగుండేదనిపించింది.

"పడ్డది బతికే ఉందా?"

"ఉంది బాబా."

ఆయన ఎవరికో ఫోన్ చేశాడు. పెద్ద లారీ, అన్నీ, ఈరోజే. ఆమెకు ఆ మాటలు అర్థమయ్యాయి. "ఖలాస్," అన్నాడు మామా వైపు తిరిగి. మామా రాధ ముఖం చూడలేదు.

వంటగదిలోకి వచ్చి మొగుడికి చేసింది.

"నీళ్ల బండి వస్తందా?" అన్నాడు ఆత్రంగా.

"నీళ్ల బండి కాదు. అన్నిటినీ కోతకు తోల్కపోయే లారీ."

"ఇప్పుడే తల ఎత్తింది రాధా, పడ్డది." "గేటు తాళం నా దగ్గరున్నది. తియ్యనే తియ్య."

"నీ నెత్తి ఖరాబైందా? ఇక్కడ ఉండనిచ్చే కాయితాలు, నీ ఇఖామా, నా ఇఖామా, ఆయన చేతులల్లనే ఉన్నయి. తాళం తీసి పక్కకు నిలబడు. కత్తోళ్లకు అడ్డం పోకు. నీకు దండం పెడ్త."

బాబా ఫోన్ చెవికి పెట్టుకునే గుమ్మంలోకి వచ్చాడు. జలంధర్ నంబరు ఆయనకు కలవడం లేదు. ఆమె చెవి దగ్గరున్న ఫోన్ చూసి ఆగాడు.

"గేటు తీస్తున్నాడా?"

అవతల జలంధర్ ఇంకా ఏమీ అనలేదు.

"తీస్తున్నాడు బాబా," అంది రాధ.