ఆరులో తప్పిన లిఫ్టు

గొడుగు పారేసుకున్న రోజే వాన వస్తుందంటారు. ఫ్రెంచి మేడం పని మానేసిన నాలుగో రోజునే ఆఫీసుకి ఫ్రెంచి పని వచ్చిపడింది.

అదొక అనువాదాల ఆఫీసు. లాండ్రీ కొట్టు పైన రెండు గదులు. కింద నుంచి ఇస్త్రీ ఆవిరి కొట్టీ కొట్టీ పైనున్న కాగితాలన్నీ అప్పడాల పిండిలా మెత్తబడి ఉండేవి. ముందు గదిలో యజమాని కూర్చుంటాడు, వెనక గదిలో తప్పులాయన. ప్రూఫులు దిద్దడం ఆయన ఉద్యోగం. ఇరవై ఏళ్లుగా ఊళ్లోవాళ్ల తప్పులన్నీ ఏరడంతో ఆ పేరు స్థిరపడిపోయింది. హోటలుకి వెళ్తే ముందు మెనూ కార్డు దిద్దుతాడు, ఆ తరవాతే తింటాడు. యజమాని ఆయన భార్యకి స్వయానా అన్నగారు. అందువల్ల ఇద్దరూ ఒకర్నొకరు బావా అనే పిలుచుకునేవారు.

ఇక ఫ్రెంచి మేడం ఎందుకు మానేసిందంటే, యజమాని ప్రతి కాగితం మీదా 'అర్జెంటు' అని రాసి పంపేవాడు. చూసి చూసి ఆవిడ ఒకరోజు తన రాజీనామా మీద కూడా 'అర్జెంటు' అని రాసి, ఆయన బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

"బావా, నీకు ఫ్రెంచి వచ్చు కదూ?" అన్నాడు యజమాని, వెనక గది గుమ్మంలో నిలబడి.

"పోస్టులో నేర్చుకున్నాను. ఇరవై పాఠాల్లో పదకొండు అయ్యాయి. అదీ పెళ్లికి ముందు."

"పన్నెండోది ఏమైంది?"

"రాలేదు."

"పాఠం రాకపోతే అది పోస్టువాళ్ల తప్పు. నీకు ఫ్రెంచి వచ్చినట్టే లెక్క."

పని చూస్తే చిన్నదే. ఎనిమిది అంతస్తుల హోటలొకటి కొత్తగా మాట్లాడే లిఫ్టు పెట్టించుకుంది. గురువారం నుంచి నాలుగు రోజులు అక్కడ దంతవైద్యుల సదస్సు. వచ్చేవాళ్లందరూ ఫ్రెంచి తప్ప మరో ముక్క వినరు. అందుకని లిఫ్టు కంపెనీ ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు పంపించింది. నాలుగూ లిఫ్టు ఏమేం చేయలేదో చెప్పేవే. చేయగలిగినవి అది చేసి చూపిస్తుందట.

మొదటిది, తలుపు తెరవ 'కెనాట్'. రెండోది, ఇంత బరువు మోయడానికి 'అనేబుల్'. మూడోది, ఆరో అంతస్తులో ఆగడానికి 'ఫెయిల్డ్'. ఆరో అంతస్తు మీదే ఎందుకంటే, అక్కడ లిఫ్టుకి ఏదో పేచీ ఉంది, అప్పుడప్పుడూ ఆగకుండా ఏడుకి పోతుంది. బాగుచేయడం కంటే క్షమాపణ తేలికని కంపెనీవాళ్లు తేల్చారు. నాలుగోది కరెంటు పోయినప్పటి మాట, 'పవర్‌లెస్'.

తప్పులాయన నిఘంటువు దులిపి, చొక్కా చేతులు మడిచి కూర్చున్నాడు. కూర్చున్న పావుగంటకే ఆయనకి ఒళ్లు పులకరించింది. ఇంగ్లీషువాడికి 'కెనాట్' ఒక్కటి ఉంటే జీవితం వెళ్లిపోతుంది. ఫ్రెంచివాడు అలా వదలడు. చేయలేవా? ఎందుకు చేయలేవో చెప్పు అంటాడు. నేర్చుకోలేదా, అయితే 'సే పా' అను. శక్తి చాలలేదా, వీలు పడలేదా, 'ప్యూ పా' అను. కిందా మీదా పడ్డా కుదరలేదా, దానికి 'నారీవ్ పా' అని వేరే ఉంది.

"అచ్చం మనలాగే!" అని గట్టిగా అనేశాడు గదిలో ఒక్కడూ. ఈత రాదు అంటే ఒకటి. ఈదలేను అంటే మరొకటి. ఈదడం నా వల్ల కావట్లేదు అంటే అది అప్పటికే మునుగుతున్నవాడి మాట. ఇంగ్లీషువాడు ముగ్గురికీ ఒకే దుప్పటి కప్పి పడుకోబెట్టాడు.

ఆ సంతోషమే ఆయన కొంప ముంచింది. ఫ్రెంచికీ తెలుగుకీ ఇంత చుట్టరికం ఉన్నప్పుడు మధ్యలో ఇంగ్లీషు దేనికని, ముందు తెలుగులో అనుకుని అక్కడి నుంచి తిన్నగా ఫ్రెంచిలోకి దూకడం మొదలెట్టాడు. తలుపు బిగుసుకుపోతే మనం ఏమంటాం? తలుపు రావట్లేదు అంటాం. రావడమంటే విద్యే కదా! 'సే పా' వేశాడు. బరువుకి నిఘంటువులో ఒక చక్కటి ఉదాహరణ దొరికింది, 'ఝ నాఁ ప్యూ ప్లూ' అని. ఇక నా వల్ల కాదని దాని అర్థం. రెండు సెకన్లలో అయిపోతుంది. మూడోదాంట్లో 'ఆగడం' ఎలాగూ తెలుస్తుందని వదిలేసి, 'ఆరో' అనే మాట ముందు 'ఓ' పెట్టాలా 'ఆఁ' పెట్టాలా అని అరగంట కొట్టుకుని, చెవికి ఇంపుగా ఉందని 'ఆఁ' పెట్టాడు. పవర్‌లెస్‌కి నిఘంటువు ఒకే ఒక్క మాట ఇచ్చింది. ఒకటే ఉన్నప్పుడు ఇక ఎంచుకునేదేముంది, అదే దించాడు.

లోకం తప్పులన్నీ దిద్దినవాడు తన కాగితం తాను నాలుగుసార్లు చదువుకుని, ఒక్క తప్పు కూడా కనబడక, కింద సంతకం చేశాడు.

గొంతు ఆయన భార్యది. ఆవిడ బస్‌స్టేషన్లో అనౌన్సరు. పదిహేనేళ్లుగా ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో, ఏది ఎంత ఆలస్యమో ఊరందరికీ ఒకటే గొంతుతో చెబుతోంది. ఇంట్లో రికార్డింగుకి నిశ్శబ్దంగా ఉన్న చోటు బట్టల బీరువా ఒక్కటే. దుప్పట్ల మధ్య ఆవిడ నిలబడింది, తలుపు సందులోంచి ఆయన ఫోను పట్టుకున్నాడు.

"ఏమండీ, ఈ రెండోదానికి అర్థమేంటి?"

"అర్థమెందుకు? తెలుగు అక్షరాల్లో రాసిచ్చాను, చదివెయ్."

"అర్థం తెలీకుండా నేను నోరు విప్పను. పదిహేనేళ్లుగా ఏడో నంబరు బస్సు ఆలస్యమని చెప్తున్నా. అదెందుకు ఆలస్యమో ఒక్కళ్లూ చెప్పిన పాపాన పోలేదు. ఇదైనా తెలుసుకుని చెప్తా."

"బరువు ఎక్కువైంది, ఇక నా వల్ల కాదు అని."

"ఎవరి మీద బరువు?"

"లిఫ్టు మీద. ఎనిమిది మందికి చేసింది. పదకొండు మంది ఎక్కుతారు."

"దిగమంటే దిగరా?"

"ఎవరికి వాళ్లు పక్కవాడు దిగుతాడులే అని పైకి చూస్తూ నిలబడతారు."

బీరువాలోంచి ఒక నిట్టూర్పు వినిపించింది. దాని వెనకే ఆ మాట. ఉద్యోగం, ఇల్లు, అత్తగారి మోకాళ్లు, ఇస్త్రీకి వేయని బట్టలు, ఫోను పట్టుకుని నిలబడ్డ మొగుడు, అన్నీ ఉన్నాయి అందులో. తప్పులాయన రెండోసారి చెప్పించే సాహసం చేయలేదు.

గురువారం పొద్దున్న బావలిద్దరూ లాండ్రీ నుంచి వేడివేడిగా వచ్చిన చొక్కాలు తొడుక్కుని హోటలు హాల్లో నిలబడ్డారు. దంతవైద్యులు పదకొండు మంది, మెడల్లో పేర్ల బిళ్లలతో, ఒకరినొకరు నెట్టుకుంటూ లిఫ్టెక్కారు. గంట మోగింది. నిట్టూర్పు వచ్చింది.

"ఝ నాఁ ప్యూ ప్లూ..."

అందరికంటే లావుగా ఉన్నాయన గుండె మీద చేయి వేసుకుని, ఏదో గొణిగి, బయటికి వచ్చేశాడు. వెనకే ఒకావిడ దిగింది. ఇద్దరు దిగాక మిగతావాళ్లకి లోపల నిలబడాలంటే మనసొప్పలేదు. పదకొండు మందీ దిగిపోయారు. లిఫ్టు తలుపులు మూసుకుని, ఖాళీగా, హాయిగా పైకి వెళ్లిపోయింది.

"చూశావా బావా!" అన్నాడు యజమాని. "ఇంగ్లీషులో చెప్పినన్నాళ్లూ ఒక్కడూ దిగలేదని మేనేజరు అన్నాడు. అనువాదమంటే ఇదీ!"

తప్పులాయన ఛాతీ చొక్కా గుండీలు తెగేంత పొంగింది. పొంగి ఎంతోసేపు నిలవలేదు. ఎవరో ఒకాయన పైనుంచి మెట్లమీదుగా, కళ్లమ్మట నీళ్లు కారుతూ, నవ్వలేక గోడ పట్టుకుని దిగి వచ్చాడు. తోటివాళ్లకి రెండు ముక్కలు చెప్పాడు. అంతే, అందరూ ఆరో అంతస్తుకి బయల్దేరారు. అక్కడ గది ఉన్నవాళ్లు ఇద్దరే. అయినా అరగంటలో నలభై మంది వెళ్లి వచ్చారు. లిఫ్టు ఆరో అంతస్తులో ఆగితే నిరాశపడి మళ్లీ కిందికి వచ్చి ఎక్కుతున్నారు.

ఇంతలో కింద హాల్లోనే తలుపు బిగుసుకుంది. లోపల నలుగురు. లిఫ్టు తన గోడు చెప్పుకుంది. బయట ఉన్న ముసలి డాక్టరు ఒకాయన, సదస్సుకి అధ్యక్షుడట, తలుపు సందు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, రోగిని బుజ్జగించే గొంతుతో మెల్లగా ఏదో చెప్పడం మొదలెట్టాడు. పదకొండు పాఠాల తప్పులాయనకి కూడా అర్థమైంది. "భయం లేదు, తెరువు తల్లీ. ఇంకొంచెం. నొప్పి ఉండదు." కాకతాళీయమో ఏమో, తలుపు తెరుచుకుంది. హాలంతా చప్పట్లు.

ఆ చప్పట్ల మధ్యలోంచి ఫ్రెంచి మేడం నడిచి వచ్చింది. సదస్సుకి దుబాసీగా కుదిరిందట.

"ఇవి రాసింది ఎవరు?"

"మా బావ!" అన్నాడు యజమాని, బిరుదు చదివినట్టు.

ఆవిడ తప్పులాయనని పూలకుండీ వెనక్కి తీసుకెళ్లింది. "తలుపు తెరుచుకోవట్లేదు అనాలి. మీరేం చెప్పించారో తెలుసా? 'తలుపు తీయడం నాకు రాదు, ఎవరూ నేర్పలేదు' అన్నట్టుంది. వాళ్లు జాలిపడి నేర్పుతున్నారు."

"మరి ఆరో అంతస్తు?"

"'ఓ' పెట్టాల్సిన చోట 'ఆఁ' పెట్టారు. 'ఆఁ' పెడితే అంతస్తు కాదండీ, తరగతి. మీ లిఫ్టు ఏడో అంతస్తుకి వెళ్లి 'నేను ఆరులో తప్పాను' అని చెబుతోంది."

తప్పులాయన పూలకుండీ పట్టుకున్నాడు. "కరెంటుదైనా..."

"చీకట్లో ఇరుక్కున్నవాళ్లకి 'నేను నిస్సహాయురాలిని' అని వినిపిస్తుంది. అదృష్టం బాగుండి ఆడగొంతు పెట్టారు. అదే మాట మగగొంతుతో అంటే డాక్టరుకి చూపించుకోమంటారు. ఆ డాక్టరు పళ్ల డాక్టరు కూడా కాదు."

ఆయన చెవులు కాలిపోయాయి. మెనూ కార్డుల్లో కోడిగుడ్డు స్పెల్లింగు దిద్దిన చేయి, ఇప్పుడు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబులో దాక్కుంది. అయినా మనిషి పనిదొంగ కాదు. అక్కడే కుండీ అంచు మీద కాగితం పరిచి, "చెప్పండి, దిద్దుకుంటాను" అన్నాడు. ఆవిడ చెప్పింది. ఫ్రెంచిలో యంత్రం 'నేను' అనదట. ఎవరి చేతకానితనమూ కాకుండా, 'తెరవడం అసాధ్యం', 'అధిక బరువు' అని ముక్తసరిగా ఊరుకుంటుందట. ఆ సాయంత్రం భార్య బీరువాలోకి వెళ్లి, బస్‌స్టేషన్ గొంతుతో నాలుగూ చదివి, రెండు నిమిషాల్లో బయటికి వచ్చింది.

శుక్రవారం పొద్దున్న పదకొండు మంది ఎక్కారు. "అధిక బరువు" అంది లిఫ్టు. పదకొండు మందీ పైకి చూస్తూ నిలబడ్డారు. లిఫ్టు మళ్లీ అంది. ఒకాయన గడియారం చూసుకున్నాడు, ఇంకొకాయన లావుపాటాయన్ని చూశాడు. లావుపాటాయన మాత్రం సీలింగే చూశాడు. పద్నాలుగు నిమిషాలు అలాగే గడిచాయి. పైన పుప్పిపళ్ల మీద ఉపన్యాసం ఖాళీ కుర్చీలకి జరిగింది.

మధ్యాహ్నం అధ్యక్షుడు మేనేజరు గదికి వెళ్లాడు. ఫ్రెంచి మేడం ఆయన మాటల్ని పొల్లుపోకుండా తెలుగు చేసింది.

"నిన్న ఉన్న ఆవిడ ఏది అని అడుగుతున్నారు. ఆవిడని ఏం చేశారు అంటున్నారు. ఈవిడ ఎవరో మర్యాద తెలిసిన మనిషి కాదంటున్నారు."

"ఇద్దరూ ఒక్కరేనండీ," అన్నాడు తప్పులాయన నీరసంగా.

అది అధ్యక్షుడు నమ్మలేదు. చివరికి రాజీ కుదిరింది. తలుపుకీ కరెంటుకీ కొత్త మాటలే ఉండాలని మేడం పట్టుబట్టింది, ఇరుక్కున్నవాళ్లకి కావాల్సింది కబురు గానీ కన్నీళ్లు కావని. బరువుకి పాత నిట్టూర్పే పెట్టారు. ఆరో అంతస్తు సంగతి వచ్చేసరికి తప్పులాయన "అది తప్పండీ, నేను చచ్చినా ఒప్పుకోను" అన్నాడు. మేడం ఆయన చెవిలో, "నాలుగు రోజులూ పళ్ల గురించే మాట్లాడాలండీ పాపం. ఉండనివ్వండి," అంది. ఇరవై ఏళ్లలో మొదటిసారి ఆయన తెలిసి తెలిసి ఒక తప్పుని వదిలేశాడు. ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేకపోయాడు. మర్నాటికి సర్దుకుంది.

ఆదివారం సదస్సు ఆఖరిరోజున భార్య, "నా గొంతు నేను వినొద్దా?" అని బయల్దేరింది. ఇద్దరూ లిఫ్టెక్కారు. వెనకే డాక్టర్లు బిలబిలమంటూ ఎక్కేశారు. నిట్టూర్పు వచ్చింది. మాట వచ్చింది. డాక్టర్లు తలలు వంచుకుని ఒక్కొక్కరే దిగసాగారు. తప్పులాయన కూడా కాలు బయట పెట్టి, "రా, దిగుదాం" అన్నాడు.

"నేనా? నేనెందుకు దిగాలి? అంత కష్టపడింది నేను!"

ఆయన కాలు వెనక్కి తీసుకున్నాడు. తలుపులు మూసుకున్నాయి. ఆవిడ ఆరు నొక్కింది. లిఫ్టు నాలుగు, అయిదు, ఆరు దాటి ఏడులో ఆగి, తన మాట చెప్పింది. ఆవిడ తల పక్కకి వంచి శ్రద్ధగా వింది.

"బాగానే ఉంది. దీనికి అర్థం, ఆరో అంతస్తులో ఆగలేకపోయాను అనే కదా మీరు చెప్పింది?"

"దాదాపుగా."

"దాదాపుగా అంటే?"

తప్పులాయన గొంతు సవరించుకుని చెప్పేశాడు. ఆవిడ కొంగు నడుంలో దోపుకుంది.

"నేను ఆరులో ఫస్టు వచ్చాను. లెక్కల్లో నూటికి తొంభై ఎనిమిది."

"తెలుసు."

"తెలిసీ, ఇన్ని దేశాల డాక్టర్ల ముందు నా చేత అలా చెప్పించారా? మా అన్నయ్య తప్పాడు ఆరులో. వాడి చేత చెప్పించాల్సింది."

ఆవిడ లిఫ్టు దిగి, మెట్లవైపు చకచకా నడిచింది. "ఏమేవ్, అది కాదు, ఆ 'ఆఁ' వల్ల..." అంటూ తప్పులాయన ఏడు అంతస్తులూ వెనకాలే దిగాడు.