నోరున్న గోడ

పరిశోధన మేడంకి బస్సెక్కితే వాంతులు, పడవను చూస్తేనే కళ్లు తిరుగుతాయి. అలాంటావిడ యాత్రలు చేసేవాళ్ల మీద పుస్తకం రాయడానికి పూనుకుంది. ఊళ్లు తిరగక్కర్లేదు, వెళ్లొచ్చినవాళ్లు ఫోన్ గ్రూపుల్లో రాసుకునే కబుర్లు చదివితే చాలని పైవాళ్లను ఒప్పించింది కూడా.

ఆ చదివే పని చంటిదాని తల్లికి దొరికింది. ఆమె చదువు తొమ్మిదిలోనే అటకెక్కినా కళ్లు చురుకు. పాపను ఒళ్లో వేసుకుని, ఒక జలపాతం గ్రూపులో జనం రాసుకునేవన్నీ నోటుపుస్తకంలోకి ఎక్కించాలి. మొదటిరోజే మేడం తేల్చి చెప్పింది: "గోడకు చెవులుంటాయంటారే, నువ్వా గోడవి. నోరు లేదు. ఒక్క ముక్క రాశావా, మర్నాటి నుంచి రానక్కర్లేదు."

నాలుగు నెలలు తిరిగేసరికి, కాలు పెట్టని ఆ జలపాతం ఆమెకు అత్తారింటి వంటగది కన్నా బాగా తెలిసిపోయింది. ఎన్నో మెట్టుకు పాచి పట్టిందో, ఏ మలుపులో కమ్మీ ఊడిందో, ఎవరి మొగుడు ఫొటోకి నవ్వుతూ నవ్వుతూ జారి కూలబడ్డాడో, అన్నీ కంఠతా.

ఒకరోజు ఎవరో ఇల్లాలు రాసింది, ఎనిమిది నెలల బాబుని ఎత్తుకుని మెట్లెక్కుతున్నాం, దీవించండని. నలభైమంది పువ్వుల బొమ్మలు పెట్టి ఊరుకున్నారు.

చంటిదాని తల్లి నోటుపుస్తకం పక్కన పెట్టేసింది. పాప రెండుసార్లు తుమ్మితే డాక్టరు దగ్గరికి పరుగెత్తే మనిషాయె. ఈ పని పోతే, బిడ్డను ఒళ్లో పెట్టుకుని చేసే పని ఇంకోటి దొరకదని తెలుసు. అయినా వేళ్లు ఆగలేదు. వందో మెట్టు దాటాక అంతా పాచి, పైమలుపులో కమ్మీ లేదు, బిడ్డతో ఎక్కకండమ్మా అని రాసేసింది.

మీరెప్పుడు వెళ్లారని ఎవరో అడిగారు. అబద్ధం చేతకాక, వెళ్లలేదు, మీరు రాసినవే చదివానంది. గ్రూపు కందిరీగల తుట్టె అయింది. జారినాయనైతే తన ఫొటో కూడా చూశారా అని దిగులుపడ్డాడు.

మేడం కళ్లజోడు నెత్తిమీదికి తోసుకుని వచ్చింది. "నాలుగు నెలల కష్టం బూడిదలో పోశావు. చెరిపెయ్."

"ఆవిడింకా చూళ్లేదండీ. చూశాక చెరిపేస్తా."

"ఆవిడ నీకేమవుతుందట?"

"ఏమీ కాదండీ. బాబుకి ఎనిమిది నెలలు."

మేడం కళ్లజోడు మళ్లీ కళ్లమీదికి దించుకుంది. ఇద్దరూ ఫోన్ మీదికి వంగారు. ఎంతకో జవాబొచ్చింది: "అక్కా, తొంభయ్యో మెట్టు మీద ఆగిపోయాం. బాబునిచ్చి మావారిని కిందికి పంపేశా. ఆయన అలిగారు. నేనొక్కదాన్నే పైకి వెళ్తున్నా."

చంటిదాని తల్లి ఊపిరి వదిలి, అన్నమాట ప్రకారం చెరపబోయింది. మేడం చెయ్యి పట్టుకుని ఆపింది. కుర్చీ పక్కకు లాక్కుంది.

"ముందు మనమెవరమో వాళ్లకి చెప్పు. తర్వాత ఆ మొగుడెందుకు అలిగాడో కనుక్కో."