గార్డుగారి గుట్టల గాలి

తాండూరు స్టేషన్ పక్కన గార్డుల విశ్రాంతి గదిలో వంటపని బీరమ్మది. గూడ్సు బండ్ల గార్డులు ఇకమీదట తాండూరులో ఆగాలా, వికారాబాదులో ఆగాలా అని తేల్చడానికి ఆ రోజు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. వికారాబాదంటే ఆమె పని పోయినట్టే.

"వికారాబాదే నయం సార్," అన్నాడు గార్డు వెంకోబరావు, ఆమె చేసిన నాలుగో జొన్నరొట్టెను కందిపప్పులో ముంచుతూ. "గుట్టలు, చల్లగాలి, పొద్దున్నే షికారు. ఇక్కడేముంది? బండల దుమ్ము. వ్యాగన్లకు బండలెత్తే చప్పుడుకు కన్ను మూతపడదు."

బీరమ్మ మూతి తిప్పింది. ఆరేళ్లలో ఈయన బండి దిగి తినడం, పడుకోవడం, లేపితే కసురుకోవడమే తప్ప బజారు మొహమైనా చూసి ఎరగడు.

"గుట్టలెక్కుతడట! మంచమెక్కెతందుకే సారుకు ఆయాసమొస్తది," అంది. "ఏ యాళకు దిగినా ఉడుకుడుకు రొట్టె, నిద్రకు చీకటిగున్న అర్ర, బండి యాళకు లేపే మనిషి. ఇంకేం గావాలె మీకు?"

"గాలి సంగతి నీకేం తెలుసు బీరమ్మా," అంటూ వెంకోబరావు గోడకు చేరగిలబడ్డాడు. ఆ గాలి ఎంత హాయిగా ఉంటుందో చెబుతూ చెబుతూ మధ్యలోనే గురక పెట్టాడు. బయట వ్యాగన్లోకి బండలెత్తుతున్న చప్పుడుకు కూడా కదల్లేదు.

ఇన్‌స్పెక్టరు అతన్ని చూశాడు. పక్కనున్న ఖాళీ మంచాన్ని చూశాడు. బూట్లు విప్పి మెల్లగా నడుం వాల్చాడు.

"సారూ, ముందుగాల కాయితం రాసి పండుండ్రి," అంది బీరమ్మ.

ఆయన ఆవులిస్తూ లేచి, తాండూరు అని రాశాడు.