గోళ్లు రాలే తొట్లు

కొలిమిలోంచి తీసిన రోజు తొట్టి అద్దంలా ఉండేది. మర్నాడు చూసినా అలాగే ఉండేది. మూడో రోజు దాని పక్కన నిలబడితే టిక్కుమని చిన్న చప్పుడు వినిపించేది. వంగి చూస్తే లోపలి గాజుపూత మీంచి ఒక ముక్క ఎగిరి అడుగున పడి ఉండేది. కత్తిరించిన గోరులా ఉండేది అది, సగం చందమామలా, పల్చగా. ఊడిన చోట నల్లగా ఇనుము కనిపించేది. మేం దాన్ని గోరు అనే పిలిచేవాళ్లం. ఆ చలికాలమంతా మాకు ఇదే మాట. ఎన్ని రాలాయి, ఏ తొట్టికి రాలాయి.

ఒక్క గోరు రాలినా ఆ తొట్టి ఎందుకూ పనికిరాదు. అవి రంగుల ఫ్యాక్టరీకి వెళ్లే తొట్లు. మనిషి అందులో కూర్చుంటే మెడదాకా వచ్చేవి. అక్కడ వాటిలో రోజంతా యాసిడ్ మరుగుతూ ఉంటుంది. గాజును యాసిడ్ ఏమీ చేయలేదు. ఇనుము కనిపించిందంటే మాత్రం వారం తిరక్కుండా చిల్లి పెట్టేస్తుంది. మరుగుతున్న యాసిడ్ మనుషుల కాళ్ల మీదికి వస్తుంది. అందుకని గోరు కనిపిస్తే చాలు, తొట్టిని షెడ్డు వెనక పడేసేవాళ్లం.

కొలిమి నాది. నాది అంటే, పంతొమ్మిదేళ్లుగా దాని ముందు నిలబడ్డది నేను. నాకు చదువు లేదు. వేడి చెప్పే గడియారం గోడకు ఉండేది కానీ నేను దాని మొహం చూసేవాణ్ని కాదు. తొట్టి ఎర్రబడి, ఎరుపులోంచి నారింజ రంగుకు తిరుగుతున్నప్పుడు పూత కరిగి తడిసినట్టు మెరుస్తుంది. అప్పుడు మనసులో నూరు లెక్కపెట్టి తీసేవాణ్ని. ఎప్పుడూ తప్పలేదు. అందుకే ఆ గోళ్లు రాలుతుంటే నాకు ఒళ్లు మండిపోయేది. ఎవడో నా పని మీద ఉమ్మేసినట్టు ఉండేది.

మా వదిన కూడా అక్కడే పని చేసేది. అన్నయ్య పోయాక నేనే తీసుకొచ్చి కడుగుడులో పెట్టించాను. ఇనుప తొట్టిని ముందు యాసిడ్‌లో ముంచి తుప్పూ జిడ్డూ వదిలించి, తర్వాత చన్నీళ్లతో కడగాలి. యాసిడ్‌లో ఎంతసేపు నానాలో చూసేది వదినే. చేతి తొడుగులు ఇచ్చేవాళ్లు, అన్నీ చిల్లులే. చలికాలం వచ్చేసరికి ఆవిడ వేళ్లు పగిలి, సాయంత్రం రవిక గుండీ విప్పుకోవడానికి కూడా మా ఆవిణ్ని పిలిచేది. అది చూడలేక ఒక పాత నూనె డ్రమ్ము కడిగి, కొలిమికి ముందుండే గదిలో ఓ మూల పెట్టి నీళ్లు నింపాను. పూత పూసిన తొట్లు కొలిమిలోకి వెళ్లేముందు ఆ గదిలో ఆరుతాయి. కొలిమి సెగకి అక్కడ నీళ్లు ఊరికే కాగేవి. కడుగుడు ఆడవాళ్లు గంటకోసారి వచ్చి చేతులు ముంచుకుని వెళ్లేవాళ్లు.

"ఈ ఫ్యాక్టరీలో నాకు దక్కిన మర్యాద ఈ డ్రమ్మొక్కటే," అనేది వదిన.

గోళ్లు మొదలైన రెండో వారం నేను పొడి మార్చాను. పూత కలిపే గాజు పొడి బస్తా కొత్తది విప్పించాను. లాభం లేదు. పూత పల్చన చేశాను. లాభం లేదు. మంట తగ్గించాను, పూత గరుకుగా తేలింది, పైగా గోళ్లు రాలాయి. మా సూపర్వైజరు రోజంతా చేతి గడియారం చూసుకుంటూ తిరిగేవాడు, గడియారమనే పిలిచేవాళ్లం. వాడు నా వెనకే తిరిగాడు.

"మేస్త్రీ, ఈ వారం ఎన్ని?"

"నీకు లెక్క రాదా? వెనక పడేసి ఉన్నాయి, వెళ్లి చూసుకో."

"కోపమెందుకు? కొలిమికి వయసైపోయిందేమో అని అడుగుతున్నా. కొలిమికే సుమా."

వాణ్ని ఏమనాలి? పళ్లు నూరుకుని కొలిమి వైపు తిరిగాను.

ఆఖరికి మేనేజరు పొడి అమ్మే కంపెనీ నుంచి ఒకాయన్ని పిలిపించాడు. కళ్లజోడు ఆయన, మెతక మనిషి. రాలిన గోరు ఒకటి అరచేతిలో పెట్టుకుని నాకు అర్థమయ్యేలా చెప్పాడు.

"ఇనుము బాగా కాలినప్పుడు తేమలోంచి ఒక గాలిని పీల్చుకుంటుంది మేస్త్రీ. చల్లారాక ఆ గాలి బయటికి రావాలని చూస్తుంది. పైన మీరు గాజు మూత వేశారు. దారి దొరక్క లోపల్నుంచి తన్నుతుంది. అదే ఇది."

"ఆ గాలి ఎక్కణ్నుంచి వస్తుంది సార్?"

"రెండే దారులు. యాసిడ్‌లో ఎక్కువసేపు నానబెట్టినా ఎక్కుతుంది. లేదా కొలిమి దగ్గర తేమ ఉండాలి. మీ కొలిమి దగ్గర నీళ్లేమైనా ఉన్నాయా?"

"నిప్పు దగ్గర నీళ్లేంటి సార్? లేవు," అన్నాను. నవ్వాను కూడా.

"అయితే కడుగుడే," అన్నాడు పక్కనే ఉన్న మేనేజరు.

ఖాయమేనా అన్నట్టు నా వైపు చూశాడు. నేను తల ఊపాను. కొలిమి తప్పు కాదని తేలింది కదా, నాకు ఆ క్షణంలో ప్రాణం లేచొచ్చినట్టైంది. కడుగుడు అంటే ఎవరో నాకు గుర్తుకు రాలేదని చెప్పను. గుర్తుకొచ్చింది. తల ఊపడం అయిపోయాక వచ్చింది.

సోమవారం మేనేజరు వదినకి చెప్పేశాడు. శనివారం దాకా రమ్మన్నాడు, ఆ తర్వాత అక్కర్లేదన్నాడు.

మాది రెండు గదుల వరస. ఒక గదిలో మేము, పక్క గదిలో వదిన, మధ్యలో ఒకటే గోడ. ఆ సాయంత్రం మా ఆవిడ నా ముందు కంచం పెట్టింది, కానీ పెట్టిన తీరు వేరు.

"మీ అన్నయ్య ఉంటే ఊపేవారా ఆ తల?"

"నేనేం చెప్పాను? ఆ కళ్లజోడాయన చెప్పాడు."

"ఆయనకి వదిన లేదు. మీకుంది."

మంగళవారం సాయంత్రం కుళాయి దగ్గర వదిన నన్ను ఆపింది. రెండు రోజుల్లో నాతో మాట్లాడటం అదే మొదలు. బిందె కింద పెట్టి, కొంగు నడుముకి దోపుకుంది.

"ఏమయ్యా మరిదీ, ఒక మాట అడుగుతా, చెప్పు. తొట్టి అంచు మీద ఆ రోజు వరస నెంబరు కొడతారు కదా. నాకు అక్షరాలు రావు కానీ అంకెలొచ్చు. రోజుకి ఆరు తొట్లు కాలుస్తావు. రోజూ మొదటి రెండూ గోరు రాల్చడం లేదు. ఎప్పుడైనా చూశావా?"

"చూడలేదు."

"వెళ్లి చూడు. వెనక పడున్నవన్నీ మూడు, నాలుగు, అయిదు, ఆరు. ఒకటీ రెండూ అక్కడ లేవు. బండెక్కి వెళ్లిపోయాయి."

"అయితే ఏంటి? మొదటి రెండూ ముందురోజు సాయంత్రం కడిగినవి. నెమ్మదిగా కడిగి ఉంటావు. పొద్దున తొందరపడి ఉంటావు."

"సాయంత్రం నా వేళ్లకి స్పర్శ కూడా ఉండదయ్యా. సరిగ్గా కడగకపోతే అప్పుడే కడగను. అవే చేతులు, అదే యాసిడ్, ఆ మనిషినీ నేనే. మారింది నా దగ్గర కాదు. నీ దగ్గర ఏం మారుతుందో నువ్వు చూసుకో."

"నా దగ్గర ఏమీ మారదు," అన్నాను గట్టిగా. "పంతొమ్మిదేళ్ల నుంచీ ఏమీ మారలేదు."

"అలాగే. నువ్వు దేవుడివి," అని బిందె ఎత్తుకుని పోయింది.

నాకు తిక్కరేగింది. బుధవారం పొద్దున అందరికంటే ముందు వెళ్లి షెడ్డు వెనక తొట్ల అంచులు ఒక్కొక్కటీ తడిమి చూశాను. మూడు. అయిదు. నాలుగు. ఆరు. మళ్లీ మూడు. ఒకటి లేదు. రెండు లేదు. ఇనుముకి ఏమైనా తెలుసా, తను మొదటిదో, ఆఖరిదో?

కొలిమి రాజేశాను. ఒకటో తొట్టి కాల్చాను. రెండోది కాల్చాను. ఎనిమిదిన్నరైంది. కాసేపట్లో ఆడవాళ్లు వస్తారని, అలవాటు చొప్పున రెండు బకెట్లు కుళాయి దగ్గర పట్టుకుని డ్రమ్ము నింపడానికి లోపలికి నడిచాను.

డ్రమ్ము ముందు నిలబడిపోయాను. బకెట్లు చేతిలోనే ఉన్నాయి. పక్కనే మూడో తొట్టి ఆరుతోంది. గది గోడ మీద నిన్నటి ఆవిరి చారలు ఉన్నాయి. కొలిమి తలుపు తీస్తే ఆ గదిలో గాలంతా లోపలికే లాగుతుంది, ఆ సంగతి నాకు తెలీదా? పంతొమ్మిదేళ్లుగా నా చొక్కా అంచు అటే ఎగురుతుంటే చూస్తూనే ఉన్నాను.

నిప్పు దగ్గర నీళ్లేంటి సార్ అన్నాను. అబద్ధం చెప్పాలని అనలేదు. నా బుర్రలో అవి నీళ్లు కావు. వదిన చేతులు కాచుకునేవి. అంతే.

బకెట్లు బయట కాలవలో పారబోశాను. డ్రమ్ములో అడుగున మిగిలినవి కూడా ఎత్తి పోసి దాన్ని గోడ అవతలికి దొర్లించాను.

పది గంటలకి ఆడవాళ్లు చేతులు కొంగులో చుట్టుకుని వచ్చారు.

"మేస్త్రీ, నీళ్లేవీ?"

"లేవు."

"డ్రమ్మేదీ?"

"లేదు. పని చూసుకోండి."

వదిన అందరి వెనక నిలబడి ఉంది. పగిలిన వేళ్లు చంకల్లో పెట్టుకుని నా వైపు చూసింది.

"నాలుగు రోజుల్లో పోయే మనిషికి వేడినీళ్లు కూడా బరువయ్యాయా మరిదీ?"

అప్పుడే చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఇదీ కాకపోతే? పొడి మార్చి, పూత మార్చి, మంట మార్చి మూడుసార్లు వెధవనయ్యాను. నాలుగోసారి అందరి ముందూ కావడానికి మొహం చెల్లలేదు. తొట్లు చెప్పనీ, తర్వాత చెబుదాం అనుకున్నాను. ఆ తొట్లు చెప్పాలంటే మూడు రోజులు పడుతుంది. ఎంత కోప్పడినా ఒక గంట ముందు చెప్పవు.

ఆ మూడు రోజులూ చన్నీళ్లే. కడుగుడు వైపు నుంచి నాకు వినబడేలా తిట్లు. గురువారం మంగళవారపు తొట్లలో మళ్లీ మూడు నుంచి ఆరు దాకా గోళ్లు రాల్చాయి. గడియారం వచ్చి లెక్క రాసుకుంటూ, "శనివారం తర్వాత ఈ బాధ ఉండదులే మేస్త్రీ," అన్నాడు. వాడి గడియారం లాక్కుని కొలిమిలో పడేయాలనిపించింది. శుక్రవారం బుధవారపు తొట్ల దగ్గర మధ్యాహ్నమంతా చెవి పెట్టి కూర్చున్నాను. టిక్కు లేదు. నమ్మకం కుదరలేదు. ఒక రోజు ఆలస్యంగా రాలితే?

శనివారం పొద్దున దీపం పట్టుకుని ఆరు తొట్లలోనూ దిగి, చేత్తో తడిమాను. ఒకటి నుంచి ఆరు దాకా ఎక్కడా చెయ్యి గీరుకోలేదు. అంత సంతోషించాల్సిన చోట నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. నెలన్నర! నెలన్నర పాటు ప్రతి పొద్దునా రెండు బకెట్లు నేనే మోశాను.

మేనేజరు గదిలోకి చెప్పులతోనే వెళ్లిపోయాను.

"సార్, కడుగుడు తప్పు కాదు. నాది. కొలిమి ముందు నీళ్ల డ్రమ్ము పెట్టాను."

ఆయన కాగితాల్లోంచి తల ఎత్తాడు. "మొన్న లేవన్నావు?"

"అన్నాను."

"ఎందుకు పెట్టావు?"

"ఆడవాళ్ల చేతులకి."

ఆయన కాగితాలు పక్కకి నెట్టాడు. "చేతులు కాచడానికి తొట్లు తగలేశావా! మేస్త్రీ అంటారా నిన్ను? సోమవారం నుంచి కొలిమి గడియారం చూసి కాల్చాలి. నీ లెక్కలు కాదు. సూపర్వైజరు పక్కన నిలబడతాడు."

"నిలబడమనండి. మా వదిన సంగతి?"

"ఉండమను."

"ఆ డ్రమ్ము షెడ్డు బయట పెట్టి, కింద పొయ్యి..."

"ఇక డ్రమ్ము అనే మాట నాకు వినపడకూడదు."

అంతే. వదినకి చెప్పడానికి కడుగుడు దగ్గరికి వెళ్లాను. మొత్తం చెప్పాను, తల ఊపిన దగ్గర్నుంచి. ఆవిడ తొట్టి కడుగుతూనే వింది.

"బుధవారం తెలిసిందా నీకు?"

"అనుమానం వచ్చింది."

"ఆ అనుమానమే నా చెవిన వేస్తే ఆ డ్రమ్ముని నేనే తన్నేదాన్ని కదయ్యా. చన్నీళ్లు నాకు కొత్తా? నువ్వు కక్షతో తీశావనుకుని మూడు రోజులు కుమిలిపోయాను. నీళ్లు చల్లగా ఉంటే వేళ్లు పగులుతాయి. అంతే కదా."



పాడైన తొట్లని కావలసినవాళ్లు తీసుకుపొమ్మన్నారు. వదిన ఒకటి దొర్లించుకొచ్చింది. బట్టలు నానబెట్టుకోవడానికి సరిగ్గా మా రెండు గదుల మధ్య గోడకి ఆనించి పెట్టింది. కొలిమిలోంచి వచ్చి వారాలైనా దాని కడుపులో గాలి ఇంకా ఉంది. సెలవు రోజు మధ్యాహ్నం నేను అలా నడుం వాల్చేవాణ్నో లేదో, గోడ అవతల టిక్కుమనేది. తర్వాత వదిన గొంతు.

"ఏమయ్యా మరిదీ, నీ గోరొకటి రాలింది. వచ్చి తీసుకుపో, బట్టలకి తగుల్తుంది."

మా ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వేది. నేను తిట్టుకుంటూ లేచేవాణ్ని. చేట పట్టుకుని వెళ్లి, తొట్టిలో నీళ్లు వంచి, అడుగున చెయ్యి పెట్టి వెతికి తీసేవాణ్ని. చలికాలం నీళ్లు. వేళ్లు కొంకర్లు పోయేవి. ఆవిడ గుమ్మంలో కూర్చుని, నేను చేతులు చంకల్లో పెట్టుకునేదాకా చూసి, అప్పుడు లోపలికి వెళ్లి పొయ్యి మీంచి వేడినీళ్ల చెంబు తెచ్చి నా ముందు ఠపీమని పెట్టేది.