గుమ్మం లోపల పీట

అనుమానం పెనుభూతమంటారు. గోదావరిఖని కంపెనీ క్వార్టర్లో సువార్త ఇంట్లో ఆ భూతానికి తిండికి లోటు లేదు. మేపినవాడు ఆమె మొగుడు ఆమోసు. నడుం నొప్పని గనికి నాగా పెట్టి, గట్టయ్య ఇంట్లో పేకాడుతూ దొరికిన ఘనుడు. అలాంటివాడు ఒకరోజు షిఫ్టు నుంచి వచ్చి, ఎడమ కంటికి నల్లటి పరదా అడ్డం వస్తోందంటే ఎవరు నమ్ముతారు?

పక్కింటి పూలమ్మ అతని రెప్ప విప్పి మరీ చూసింది. "కన్ను ముత్యం లెక్కున్నదక్కా. ఎర్రగ గూడ లేదు. డ్యూటీ ఎగ్గొట్టెతందుకు ఏషాలేస్తుండు!"

నిజమేననిపించింది సువార్తకు. ఆ సాయంత్రం గుమ్మం లోపల, ఎడమ పక్కగా పీట వేసి, పొయ్యి దగ్గర కూర్చుని ఓరకంట చూసింది. నాటకమైతే తప్పుకుంటాడు. ఆమోసు తప్పుకోలేదు, బోర్లా పడ్డాడు. తెల్లారేసరికి పరదా కన్నంతా కప్పేసింది.

పట్నంలో కళ్ల డాక్టరు లైటు వేసి చూశాడు. "కంటి లోపలి పొర ఊడింది. పైకి కనబడదు. ఎక్కడన్నా పడ్డావా?"

సువార్త తల దించుకుంది.

"నేనే చూస్కోక పడ్డ సార్," అన్నాడు ఆమోసు.

ఆపరేషన్లో కంటిగుడ్డుకు బయటినుంచి రబ్బరు ముక్క కుట్టి, గుడ్డు గోడను లోపలికి నొక్కి, ఊడిన పొరకు ఆనించారట. రెండు కళ్లకూ కట్టు కట్టి, తల కదపొద్దన్నారు. పది రోజులు నోటికి ముద్దలందిస్తూ, ప్రతి ముద్దకూ పీట సంగతి చెప్పేద్దామనుకుంది. సిగ్గు చెప్పనివ్వలేదు.

మూడు నెలలకు ఆమోసు, "అంత మంచిగనే కనబడ్తున్నది. సోమవారం గనిలకు దిగుత," అన్నాడు.

భూతం మళ్లీ లేచింది. అప్పుడు కనబడదంటే నమ్మలేదు, ఇప్పుడు కనబడుతుందంటే నమ్మకం కుదరడం లేదు. కంపెనీ దవాఖానలో అక్షరాల పట్టీ చదివాడంటే, బట్టీ పట్టి ఉంటాడు. పేకముక్కలు గుర్తుపెట్టుకునే బుర్రకు అదెంత? రేపు గనిలో ఎడమ నుంచి పట్టాల మీద బొగ్గు టబ్బు దొర్లుకొస్తే? పడి లేచి దులుపుకోవడానికి అది పీట కాదు.

ఆదివారం అతను చర్చి నుంచి వచ్చే వేళకు, గుమ్మం లోపల అదే చోట, ఇంట్లో ఉన్న ఒక్క దూది దిండూ పెట్టింది. పొయ్యి దగ్గర కూర్చుంది గాని, చూసే ధైర్యం లేక కళ్లు గట్టిగా మూసుకుంది.

అడుగులు గుమ్మం దాటి ఆగిపోయాయి.

"పోయినసారి పీట పెడితివి," అన్నాడు ఆమోసు. "ఈసారి మెత్త పెడితివా, సువార్తా?"